దంతానికి తుపాకీ, పంటకు తీగ

‘ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే’ అన్నారు మన పెద్దలు. ఆ రెండో వెయ్యి మీద మనిషికి ఆశ పుట్టిన నాడే ఏనుగుకు గండం మొదలైంది. దంతమంటే ఏమిటి? పైదవడలో పెరిగిన పన్ను. దాని మొదలు పుర్రెలో పాతుకొని ఉంటుంది గనుక ఏనుగు ప్రాణం తీయనిదే వేటగాడికి అది పూర్తిగా దక్కదు. పన్ను కోసం ఒక ప్రాణం!

ఒకప్పుడు రాజులకూ నవాబులకూ వేట ఒక గొప్ప. మన పొరుగున ఉన్న పోచారం అడవి కూడా నిజాం వేటస్థలమే, నేడది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో ఆ సరదాకు తెర దించింది. అయినా దంతాల దొంగలు ఆగలేదు. 2004లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన వీరప్పన్ పేరు వినని వారెవరు? ఆఫ్రికాలోని బోట్స్వానా 2014లో ఆపిన వేటను 2019లో మళ్లీ అనుమతించింది. అక్కడ డబ్బున్నవాడు లైసెన్సు కొనుక్కొని ఏనుగును కాల్చి, ఆ గుర్తును ఇంటికి తీసుకుపోవచ్చు.

మొజాంబిక్ దేశంలోని గోరోంగోసాలో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం సాగింది. దంతాలు అమ్మి తుపాకులు కొనడానికి నూటికి తొంభై ఏనుగులను చంపారు. దంతాలున్నవి చచ్చాయి, లేనివి మిగిలాయి. దాంతో తర్వాత పుట్టిన ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి బాగా పెరిగాయి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని అక్కడ మనిషి తుపాకీతో నడిపించాడు.

ఇదంతా చదివి వేటగాళ్లను తిట్టడం మనకు సులువే. నేనూ తిట్టాను. కాని 2024లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క చూశాక నోరు పెగల్లేదు. అయిదేళ్లలో అసహజంగా చనిపోయిన ఏనుగులు 528. వేటగాళ్ల చేతిలో పోయినవి 50. కరెంటు తగిలి పోయినవి 392!

ఈ కరెంటు ఎక్కడిది? కొంత కిందికి వేలాడే లైన్లది. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. మిగతాది రైతు చేను చుట్టూ కట్టిన తీగది. ఆ తీగ సంగతి నాకు తెలుసు. పోయిన వానకాలం మా మక్క చేనుకు అడవిపందులు పడితే మా నాయిన బాయి కాడి స్టార్టర్ నుంచి వైరు గుంజిండు. రెండో రాత్రి మా పాలివాళ్ల ఎద్దు దానికి తగిలి పడిపోయింది. ఎద్దు గనుక సరిపోయింది, మనిషయితే? నేను కొట్లాడితే నాయిన ఒక్కటే అడిగిండు: “నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. మరి పంది తిన్నదానికి ఎవడిస్తడు?”

నా దగ్గర జవాబు లేదు.

సిద్దిపేటలో ఏనుగులెక్కడివి అని మిత్రులు నవ్వవచ్చు. ఆసిఫాబాద్ వాళ్లూ అలాగే అనుకున్నారు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒక ఏనుగు అక్కడ ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. ఆ ఇళ్లవాళ్లకు ఏనుగును ప్రేమించమని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే తీగకు మాత్రం పంది, ఎద్దు, ఏనుగు, మనిషి అన్న తేడా తెలియదు.

నా అభిప్రాయం ఇది. వేటగాడికి జైలు సరే. రైతుకు జైలు ఒక్కటే చూపితే తీగ పోదు. పంట నష్టం పైసలు ఆ పంట కాలంలోనే చేతికి రావాలి. కిందికి వేలాడే లైన్లు పైకి లేపాలి. సోలార్ కంచె ఊరందరికీ కలిపి వేయించాలి. దాని కరెంటు సెకనుకు ఒక్కసారి రెప్పపాటు తగిలి వదిలేస్తుంది, బెదిరిస్తుంది గాని చంపదు. లైను కరెంటు పట్టుకుంటే విడవదు. ఫిజిక్సు చదివిన మనం ఈ తేడాను పరీక్షలో రాసి మరిచిపోతే ఎట్లా? సెలవుల్లో ఊరికి పోయినప్పుడు చెప్పాలి. ఆ చెప్పడం ఇంట్లోంచే మొదలుకావాలి.

ఈసారి మా చేనుకు తీగ లేదు. రాత్రిళ్లు మంచె మీద నాయిన, నేను వంతులేసుకొని కావలి ఉన్నం. అయినా నాలుగు సాళ్లు పందుల పాలయినయి. నాయిన ఇంకా ఏమీ అనలేదు. వచ్చే ఏడు ఏమంటడో నాకు తెలియదు.