టిక్కెట్టు వీధి

డిస్నీలాండు ప్రసక్తి వస్తే మన అభ్యుదయ మిత్రులు "అదంతా మాయ" అని చేతులు దులుపుకుంటారు. వాస్తుశిల్పం చదివే కుర్రవాళ్లేమో రేపటి నగరానికి అదే నమూనా అంటారు. మొదటి మాట సోమరితనమనీ, రెండోది ప్రమాదమనీ నా అభిప్రాయం.

ముందు ఆ పనితనమేమిటో చూద్దాం. కాలిఫోర్నియాలోని అనహైంలో నారింజతోటలు కొట్టివేసిన స్థలంలో 1955 జూలై 17న ఆ పార్కు తెరిచారు. చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోశారు. లోపలివాడికి బయటి రోడ్డుగాని, హోటలు బోర్డుగాని కనిపించకూడదు. ప్రవేశానికి ఒకటే దారి. ఆ దారిలో 1900 ప్రాంతపు అమెరికా చిన్నపట్నం బజారు కట్టారు. మేడల పై అంతస్తులను కింది అంతస్తుకన్నా చిన్న కొలతతో కట్టటంవల్ల అవి ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తాయి. అయినా మనిషిని భయపెట్టవు. వీధి చివర 77 అడుగుల కోట రమ్మని పిలుస్తూ ఉంటుంది. దీన్ని గీసినవారిలో పలువురు సినిమా స్టూడియోల కళాదర్శకులు. చూసేవాడి కాళ్లనే కెమెరాగా వాడుకున్నారు. ఇది గొప్ప పనితనం కాదని నేననను.

జనం అక్కడ పొందే ఆనందం కూడా నిజమైనదే. దగ్గరనున్న లాస్ ఏంజెలస్ ప్రాంతంలో ఒకప్పుడు పసిఫిక్ ఎలక్ట్రిక్ వారి ఎర్ర ట్రాములు వందల మైళ్ల పట్టాలమీద తిరిగేవి. వాటి చివరి మార్గాన్ని 1961లో మూసేశారు. ఊళ్లో ట్రాములు మాయమవుతున్న ఆ ఏళ్లలోనే డిస్నీ వీధిలో గుర్రపు ట్రాము పట్టాలమీద నడిచింది! కార్ల బెడద లేకుండా పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడవగల వీధి, కూర్చోటానికి బల్ల, శుభ్రమైన నేల - నగరం పోగొట్టుకున్నవాటినే టిక్కెట్టు పెట్టి అమ్మారు. ఆకలిగొన్నవాడికి హెచ్చు ధరకు అన్నం అమ్మేవాణ్ణి తిట్టవచ్చు. తినేవాణ్ణి వెక్కిరించటం అభ్యుదయం కాదు.

అయితే అమ్మినది వీధి రూపం మాత్రమే. వీధికుండే హక్కులు మట్టికట్టకు అవతలే ఉండిపోయాయి. అక్కడ సిటీ హాలు ఉంది, ఎన్నిక లేదు. 1955లోనే అక్కడ "ఆంట్ జెమైమా" పేర ఒక ఫలహారశాల తెరిచి, చిరునవ్వుతో అతిథులను పలకరించే నల్లజాతి వంటలక్క వేషం పెట్టారు. అదే ఏడు డిసెంబరులో మాంట్‌గొమరీలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనన్నారు. డిస్నీ బజారు కేలండరులో ఆ డిసెంబరు లేదు. 1941లో తన స్టూడియో చిత్రకారులు చేసిన సమ్మెను, 1947లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు కమ్యూనిస్టుల పనిగా చెప్పినవాడు వాల్ట్ డిస్నీ. అతడు కలగన్న ఊళ్లో కార్మికసంఘం ఆఫీసు లేకపోవటంలో వింతేముంది? 1970 ఆగస్టు 6న యిప్పీ యువకులు కొన్ని వందలమంది లోపలికొచ్చి అల్లరి చేస్తే పార్కునే పెందరాళే మూసేశారు. గుంపు వస్తే తాళం వేయగలిగినదాన్ని వీధి అనవచ్చునా?

కథ అక్కడితో ఆగితే నేనీ వ్యాసం రాయను. బజార్లు కట్టే వ్యాపారి జేమ్స్ రౌస్, 1963లో హార్వర్డులో మాట్లాడుతూ, అమెరికాలో నగర రూపకల్పనకు డిస్నీలాండును మించినది లేదన్నాడు. బానిసత్వాన్ని ఖండిస్తూ సభలు జరిగిన బాస్టన్ ఫానుయిల్ హాలు చెంతనే 1976లో అతని కంపెనీ విహారపు బజారు తెరిచింది. 1993లో లాస్ ఏంజెలస్ అంచున యూనివర్సల్ సిటీవాక్ పేర నగరవీధికే నకలు వెలిసింది. ఇటువంటి సొంత ఆస్తి బజార్లలో పౌరుడి నోటికి విలువెంత? పోర్ట్‌లండ్‌లో ఒక మాలులో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారికి రాజ్యాంగం ఆ హక్కు ఇవ్వలేదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఇదంతా అమెరికా గొడవ అనుకునేరు. హైదరాబాదులో ఒక మాలులో మా విద్యార్థులు నలుగురు ఫీజుల పెంపు గురించి కరపత్రాలు పంచబోయారు. లోపల చెట్లున్నాయి, దీపస్తంభాలున్నాయి, పాతకాలపు వీధిబోర్డులున్నాయి. గార్డు వచ్చి, "బాబూ, ఇది రోడ్డు కాదు" అన్నాడు. అతనిమీద నాకు కోపం లేదు. ఆ మాట చెప్పటానికే అతనికి జీతం. పైగా అది నిజం కూడా.

ఆ అందాన్ని మోసేవారూ ఊరుకోలేదు. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన పార్కులో పనివాళ్లు నడిచే దారుల్ని ఏకంగా వీధికిందనే దాచారు. కనబడనంతమాత్రాన మనిషి లేకుండా పోడు. 1984లో డిస్నీలాండు కార్మికులు 22 రోజులు సమ్మె కట్టారు. 2024 మేలో బొమ్మవేషాలవారు, ఊరేగింపు కళాకారులు కలిసి సంఘంలో చేరటానికి ఓటు వేశారు. మిక్కీ ముసుగు లోపలి మనిషికి తన వేషమేమిటో బాగా తెలుసు. తెలియనిది మన విమర్శకులకే.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఆ పనితనాన్ని నేర్చుకోండి. చెట్టునీడ, నడిచే వీధి, ట్రాము మనకూ కావాలి. మునిసిపాలిటీనే అడుగుదాం. అడిగేటప్పుడు మరో రెండు కలిపి అడుగుదాం: గేటు ఉండకూడదు, కరపత్రం పంచుకోనివ్వాలి.