పదహారేళ్లకు సంతకం... పన్నెండేళ్లకే బేరం!

పదమూడేళ్ల పిల్లాడిని కోటీ పది లక్షల రూపాయలకు కొనుక్కున్నారట! 2024 నవంబరులో ఐపీఎల్ వేలంలో బీహారు కుర్రాడు వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ జట్టు దక్కించుకున్నప్పుడు ఈ మాట అనుకోని ఇల్లు లేదు. "హవ్వ, అంత చిన్న పిల్లాడికా!" అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. "అదృష్టమంటే ఆ తల్లిదండ్రులదే" అన్నవాళ్లూ ఉన్నారు. మనకు ఎప్పుడో ఒకసారి వింతగా వినిపించిన ఈ కబురు, భూగోళానికి అటువైపు ఉన్న ఒక చిన్న దేశంలో మాత్రం ఏటా జరిగే తంతు. అక్కడ దాన్నెవరూ వింత అనుకోరు.

ఆ దేశం పేరు డొమినికన్ రిపబ్లిక్. అమెరికాకు దిగువన కరీబియన్ సముద్రంలో ఉంది. జనాభా కోటీ పది లక్షల చిల్లర. మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు బేస్‌బాల్ అలాగ. అమెరికాలోని మేజర్ లీగ్‌లో ముప్ఫై జట్లున్నాయి. 2025 సీజన్ మొదలైన రోజున ఆ జట్ల జాబితాల్లో సరిగ్గా వందమంది ఈ చిన్న దేశంలో పుట్టినవాళ్లే. ఆ ముప్ఫై జట్లకూ ఈ దేశంలో సొంత శిక్షణ అకాడమీలున్నాయి. మైదానాలు, హాస్టళ్లు, భోజనశాలలు అన్నీ అక్కడే.

ఇంత పెట్టుబడి ఊరికే పెడతారా? పెట్టరు కదా! వాళ్లకు కావలసింది పదహారేళ్ల పిల్లలు.

రెండు దేశాలు, రెండు న్యాయాలు

ముందు అసలు రూలేమిటో చూద్దాం. అమెరికా, కెనడా, ప్యూర్టోరికో పిల్లలను జట్లలోకి తీసుకోవడానికి 'డ్రాఫ్ట్' అనే పద్ధతి ఉంది. జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటాయి. అందులో పేరు రావాలంటే పిల్లాడు కనీసం హైస్కూలు చదువు ముగించి ఉండాలి. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల పిల్లలకు ఈ డ్రాఫ్ట్ వర్తించదు. వాళ్లతో జట్టు నేరుగా ఒప్పందం రాసుకోవచ్చు. పదహారేళ్లుంటే చాలు. స్కూలు పూర్తయిందా లేదా అని అడిగేవారుండరు.

అమెరికన్ తల్లి కన్న బిడ్డకు చదువు తప్పనిసరి. డొమినికన్ తల్లి కన్న బిడ్డకు అక్కర్లేదు. నాకు మొట్టమొదట చివుక్కుమనిపించింది ఇదే.

ఈ ఒప్పందాలకు ఏటా ఓ ముహూర్తం ఉంటుంది. ఒకప్పుడు జూలై 2. ఈమధ్య సంవత్సరాల్లో జనవరి 15. ఆ రోజు అక్కడ కొన్ని ఇళ్లల్లో పెళ్లి సందడే. పిల్లాడు జట్టు టోపీ పెట్టుకుని సంతకం చేస్తాడు. మైనరు కనుక అమ్మా నాన్నా కూడా చేయాలి. ఫోటోలు, కన్నీళ్లు, కౌగిలింతలు. హువాన్ సోటో అనే కుర్రాడు 2015లో పదహారేళ్ల వయసులో పదిహేను లక్షల డాలర్లకు అలాగే సంతకం పెట్టాడు. అదే సోటో 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ జట్టుతో పదిహేనేళ్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. రేకుల ఇంట్లో కూర్చున్న ఏ తల్లికైనా ఆ అంకె వింటే గుండె ఝల్లుమనదూ?

చెరకు తోటల నుంచి

ఈ వ్యాపారం వెనక చరిత్ర తియ్యనిదే కాని, చేదు కూడా ఉంది. సాన్ పెడ్రో డి మకోరిస్ అనే ఊరు చక్కెర మిల్లులకు పేరు. మిల్లుల్లో పనిచేసే కుటుంబాల పిల్లలే ఆ ఊరిని బేస్‌బాల్ ఊరుగా చేశారు. పాల డబ్బాల అట్టలనే చేతి తొడుగులుగా మలచుకుని ఆడిన పిల్లలు వాళ్లు. 1956లో ఓజీ వర్జిల్ మేజర్ లీగ్‌లో ఆడిన తొలి డొమినికన్ అయ్యాడు. ఆ తర్వాత జట్లకు ఒక సంగతి అర్థమైంది. ఇక్కడ ప్రతిభ ఎక్కువ, ధర తక్కువ. లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు 1987లో కాంపో లాస్ పాల్మాస్ అనే అకాడమీ తెరిచింది. తర్వాత తర్వాత అందరూ అదే బాట పట్టారు.

ధర ఎంత తక్కువంటే, తరవాతి రోజుల్లో ప్రపంచం నోట నానిన శామీ సోసాకు 1985లో ముట్టింది మూడు వేల ఐదు వందల డాలర్లు. మిగెల్ తెహాదాకు రెండు వేలు. ఇప్పుడు పేరున్న పిల్లలకు లక్షల డాలర్లు ఇస్తున్నారు. నిజమే. కాని 2017 నుంచి ఒక్కో జట్టు ఏడాదికి విదేశీ పిల్లల మీద ఇంతకు మించి ఖర్చు పెట్టరాదని గట్టి పరిమితి పెట్టారు. 2025లో అది జట్టును బట్టి సుమారు 51 లక్షల నుంచి 75 లక్షల డాలర్లు. ఆ మూటలోంచే పిల్లలందరికీ పంచాలి. ఒకరిద్దరికి పెద్ద వాటా, మిగిలినవారికి చిల్లర.

మధ్యలో ఓ మనిషి

పిల్లాడికీ జట్టుకీ మధ్య 'బుస్కోన్' అనే ఆయన ఉంటాడు. స్పానిష్‌లో 'వెతికేవాడు' అని అర్థం. ఊళ్లు తిరిగి పదకొండు, పన్నెండేళ్ల పిల్లల్లో ఎవరి చెయ్యి బలంగా ఉందో, ఎవరి కాలు చురుగ్గా ఉందో చూస్తాడు. తల్లిదండ్రులను ఒప్పించి తన దగ్గర పెట్టుకుంటాడు. తిండి, బస, బూట్లు, బ్యాటు, శిక్షణ అన్నీ ఆయనవే. పిల్లాడు సంతకం పెట్టిన రోజున వచ్చిన సొమ్ములో పావు వంతు నుంచి సగం దాకా కూడా ఆయన వాటా కింద పోతుంది.

ఆయన్ని దళారీ అని తిట్టిపోయడం సులువు. కాని న్యాయంగా ఆలోచిస్తే, నాలుగేళ్లు ఆ పిల్లాడికి కడుపునిండా పెట్టింది ఎవరు? పదిమంది పిల్లల్ని సాకితే ఒక్కడికో ఇద్దరికో ఒప్పందం కుదురుతుంది. మిగతావాళ్ల ఖర్చు ఆయనదే. ప్రభుత్వమూ చెయ్యని, జట్లూ చెయ్యని పని ఆయన చేస్తున్నాడు. అందులో నిజంగా పిల్లల మేలు కోరేవాళ్లూ ఉన్నారు, అప్పులిచ్చి కుటుంబాలను గుప్పిట్లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఎవరెలాంటివారో ఆ తల్లికి ముందుగా తెలిసే దారి లేకపోవడమే అసలు చిక్కు.

పన్నెండేళ్లకు మైదానం చేరిన పిల్లాడు పొద్దున్నే సాధన, మధ్యాహ్నం సాధన. ఇక బడికి వెళ్లేదెప్పుడు? ఎంతోమంది చదువు అక్కడితో ఆగిపోతుంది.

నోటిమాట నీటి మూట

ఇంకో విడ్డూరం వినండి. సంతకానికి పదహారేళ్లు నిండాలని రూలున్నా, బేరాలు పన్నెండు, పదమూడేళ్లకే కుదిరిపోతున్నాయి. కాగితం మీద కాదు, నోటిమాటగా. "వీడు మావాడు, ఫలానా సంవత్సరం ఇంత ఇస్తాం" అని జట్టు చెబుతుంది. ఆ మాట నమ్మి బుస్కోన్ ఇంకెవరికీ పిల్లాణ్ణి చూపించడు. ఇంట్లోవాళ్లు రాబోయే డబ్బును తలుచుకుని అప్పులు చేస్తారు. ఈలోగా పిల్లాడికి భుజం నొప్పి వచ్చినా, అనుకున్నంత ఎత్తు ఎదగకపోయినా, జట్టులో పెద్దలు మారినా ఆ మాట గాలికి పోతుంది. నిలదీయడానికి కాగితం ఏదీ?

2025 జనవరిలో జరిగింది చూడండి. జపాన్‌కు చెందిన రోకీ ససాకి అనే మంచి పిచర్ అమెరికా రావాలనుకున్నాడు. వయసు 23. పాతికేళ్ల లోపువాడు కనుక రూలు ప్రకారం అతనూ ఈ విదేశీ పిల్లల మూటలోంచే డబ్బు తీసుకోవాలి! అతని కోసం ఎన్నో జట్లు పోటీపడ్డాయి. చివరికి డాడ్జర్స్ 65 లక్షల డాలర్లకు దక్కించుకుంది. మరి ఆ మూటను నమ్ముకుని ఉన్న పదహారేళ్ల పిల్లల మాటేమిటి? ఆ జట్టు మాట మీద ఏళ్లతరబడి ఆశ పెట్టుకున్న కొందరు ఆఖరి నిమిషంలో వేరే జట్లను వెతుక్కోవలసి వచ్చింది. ససాకి తప్పేమీ లేదు. డాడ్జర్స్ రూలును మీరిందీ లేదు. రూలు ప్రకారమే జరిగింది, పిల్లలే నష్టపోయారు. అలాంటి రూలునేమనాలి?

అబద్ధం ఎందుకు పుట్టింది?

పదహారేళ్లవాడికి ఉన్న ధర ఇరవై ఏళ్లవాడికి లేదు. అలాంటప్పుడు వయసు దాచడం ఎంతసేపు? 2006లో పదహారేళ్లవాడని పద్నాలుగు లక్షల డాలర్లిచ్చి వాషింగ్టన్ జట్టు తీసుకున్న కుర్రాడికి అప్పటికే ఇరవై అని, పేరు కూడా అతనిది కాదని 2009లో బయటపడింది. ఇలాంటివి చూసి పరీక్షలు కట్టుదిట్టం చేశారు. ఎముకల స్కానింగులు, కుటుంబాలకు డీఎన్ఏ పరీక్షలు. మిగెల్ సానో అనే కుర్రాడు 2009లో ఇవన్నీ దాటుకుని సంతకం పెట్టిన వైనం 'పెలొతెరో' అనే డాక్యుమెంటరీలో ఉంది. కన్నబిడ్డ తన బిడ్డేనని ఒక తల్లి రుజువు చేసుకోవలసిన పరిస్థితి!

తప్పులు పేదవాళ్ల వైపే ఉన్నాయనుకోకండి. అట్లాంటా జట్టు పరిమితిని దాటడానికి ఒకరి పేరు మీద ఇచ్చిన డబ్బును ఇంకొకరికి మళ్లించిందని 2017లో తేలింది. పదముగ్గురు కుర్రాళ్లను ఆ జట్టు నుంచి విడిపించారు. ముట్టిన డబ్బు వాళ్లకే ఉంచారు, అంతవరకు మేలు. జనరల్ మేనేజర్‌ను జీవితకాలం నిషేధించారు. 2023లో ఆ నిషేధం ఎత్తేశారు కూడా. వయసు దాటిపోయిన పిల్లాడికి మాత్రం రెండో అవకాశం ఉండదు.

పరిష్కారం ఏది?

విదేశీ పిల్లలకూ డ్రాఫ్ట్ పెడితే ఈ నోటిమాటల బేరాలు పోతాయని లీగ్ వాదన. 2022లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. లీగ్ ఏడాదికి 19 కోట్ల 10 లక్షల డాలర్లు ఇస్తానంది. ఆటగాళ్ల సంఘం 26 కోట్లు అడిగింది. జూలై 25న చర్చలు తెగిపోయాయి. ఫెర్నాండో తాతీస్ జూనియర్ వంటి డొమినికన్ ఆటగాళ్లు డ్రాఫ్ట్ తమ దేశంలో ఆటనే చంపేస్తుందన్నారు. ఎవరి దగ్గర ఆడాలో ఎంచుకునే హక్కు పోతుందని, శిక్షకులు తప్పుకుంటారని వాళ్ల భయం. డ్రాఫ్ట్‌లో చేరాక ప్యూర్టోరికోలో ఆటగాళ్లు తగ్గారని ఉదాహరణ చూపుతారు. అప్పటి ఒప్పందానికి గడువు 2026 డిసెంబరు 1.

రెండు పక్షాలూ కోట్ల గురించే వాదించుకున్నాయి గాని, పిల్లాడి చదువు గురించి గట్టిగా పట్టుబట్టినవారు ఏరీ? నాకు తోచింది చెబుతాను. డ్రాఫ్ట్ ఉన్నా లేకపోయినా మూడు పనులు జరగాలి. పదిహేనేళ్లలోపు పిల్లలతో నోటిమాటగా బేరమాడిన జట్టుకు, పిల్లాడికి కాదు, శిక్ష పడాలి. బుస్కోన్ దగ్గరున్న పిల్లాడు బడికి వెళ్తున్నట్టు ఆధారం చూపితేనే సంతకం చెల్లాలి. శిక్షకుడి వాటాకు ఓ హద్దు పెట్టి, దాన్ని ముందే కాగితం మీద రాయాలి. ఇంకొకటీ ఉంది. 2023లో అమెరికాలోని చిన్న లీగ్‌ల ఆటగాళ్లకు సంఘం ద్వారా తొలి ఒప్పందం కుదిరింది, జీతాలు పెరిగాయి. డొమినికన్ సమ్మర్ లీగ్‌లో ఆడే పిల్లలు అందులో లేరు. వాళ్లనూ కలుపుకోవాలి.

ఎందుకంటే సంతకం పెట్టినవారిలో చాలామంది మేజర్ లీగ్ మెట్టు ఎక్కనేలేరు. పంతొమ్మిదికో ఇరవైకో "ఇక నువ్వు వెళ్లొచ్చు" అంటారు. కొన్ని అకాడమీలు ఇంగ్లీషు నేర్పుతున్నాయి, హైస్కూలు పూర్తి చేయిస్తున్నాయి. అవే అక్కరకొచ్చేవి. అదీ లేనివాడు, ఆరో తరగతి చదువుతో ఇంటిముందు బస్సు దిగితే ఆ తల్లి ఏం చెయ్యాలి?

ఇదంతా ఎక్కడో జరిగేదని తీసిపారేయడానికి మనసొప్పడం లేదు. మన దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల్ని హాస్టళ్లలో దింపి వస్తున్నాం. ర్యాంకు వచ్చిన వాడి ఫోటో పేపర్లో చూస్తాం. రానివాళ్ల ఫోటోలు ఎవరు వేస్తారు? అక్కడ భుజం, ఇక్కడ బుర్ర. ఆశ పడ్డందుకు ఆ తల్లినీ తప్పుపట్టలేం, మనల్నీ తప్పుపట్టుకోలేం. కాని సంతకం పెట్టే ముందు ఒక ప్రశ్న అడగగలం. "ఇది కుదరకపోతే మా వాడికి మిగిలేదేమిటి?" అని. అడగడానికి తల్లికి ఏ డిగ్రీ అక్కర్లేదు. జవాబు చెప్పలేని చోట మాత్రం పిల్లాణ్ణి వదిలి రాకూడదు.