పాతిల్లు కొంటున్నారా? రిజిస్ట్రేషన్ అయితే చాలదు

అనంతపురం పాతూరులో గోడకు గోడ ఆనుకుని వరసగా కట్టిన ఇళ్లు మీరు చూసే ఉంటారు. వీధిలోకి రెండు మెట్లు, లోపల పొడుగ్గా నడవ, పైన మిద్దె. బజారు, బడి నడకదూరంలో ఉంటాయి, సందు లోపల కాబట్టి బండ్ల రొద తక్కువ. ఊరి చివర లేఅవుట్‌లో స్థలం కొని కట్టుకునే ఓపిక లేనివారు ఇలాంటి ఇంటి వైపు చూడటం సహజం. బేరం కుదిరాక ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: రిజిస్ట్రేషన్ ఎప్పుడు? అంతకంటే ముందు అడగాల్సినది ఇంకొకటి ఉంది. అమ్ముతున్న మనిషికి ఈ ఇల్లు అమ్మే హక్కు మొత్తంగా ఉందా?

ఈ ప్రశ్నకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు జవాబు చెప్పదు. చెప్పే బాధ్యత దానికి లేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అమ్మేవారికి హక్కు ఉందో లేదో విచారించే అధికారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సబ్ రిజిస్ట్రార్‌కు ఇవ్వలేదని చెప్పింది. పత్రం నమోదు చేయడం, స్టాంపు సుంకం వసూలు చేయడం, నిషేధిత జాబితాలో ఉంటే ఆపడం వరకే ఆ ఆఫీసు పని. హక్కుకు ప్రభుత్వమే హామీ ఇచ్చే పద్ధతి తెస్తామంటూ మన రాష్ట్రంలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చింది. 2023లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఎన్నికల్లో పెద్ద వివాదమై, 2024లో రద్దయింది. రద్దు మంచిదా చెడ్డదా అన్న వాదన అలా ఉంచితే, కొనేవారికి దాని అర్థం ఒక్కటే. పాత పద్ధతే కొనసాగుతోంది, హక్కు సరిచూసుకునే పని మీదే.

నెదర్లాండ్స్‌లోనూ పాత వరస ఇళ్లు కొనేవారు ఎక్కువే. అక్కడ ఒప్పంద పత్రం చేతికొచ్చాక కొనేవారికి మూడు రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గొచ్చు. హక్కు పత్రాలు, తాకట్లు చూసేది నోటరీ, డబ్బు చేతులు మారేదీ ఆయన ఖాతా ద్వారానే. మన దగ్గర అడ్వాన్స్ ఇచ్చిన క్షణం నుంచి మీ వెనక అలా నిలబడేవారు ఎవరూ ఉండరు. మధ్యవర్తి ఉంటాడు కానీ, బేరం తెగితేనే ఆయనకు కమీషన్.

కాబట్టి ఈసీతో మొదలుపెట్టండి. ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల చిట్టా అది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న వివరాలు దొరుకుతాయి, అంతకుముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. అయితే పాతిళ్ల విషయంలో ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈసీ వెతికేది పత్రంలో రాసిన నంబరును బట్టి. పాతూరు లాంటి చోట డోర్ నంబర్లు ఒకటికి రెండుసార్లు మారి ఉంటాయి. ఇవాళ గేటు మీద కనిపించే నంబరుతో వెతికితే ‘లావాదేవీలు లేవు’ అని శుభ్రమైన కాగితం రావచ్చు. పాత నంబరు మీద మాత్రం తాకట్టు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. అందుకే లింకు డాక్యుమెంట్లలో కనిపించిన ప్రతి డోర్ నంబరుతో, టౌన్ సర్వే నంబరుతో విడివిడిగా ఈసీ తీయండి. ఆ తర్వాత చెక్కుబందీ సరిపోల్చండి. తూర్పున ఫలానావారి ఇల్లు అని 1970ల పత్రంలో ఉంటే, ఇవాళ ఆ తూర్పింట్లో ఉన్నవారి పత్రంలో పడమర మీ అమ్మకందారు పేరో, ఆయన పెద్దల పేరో ఉండాలి. పొరుగువారిని అడిగితే చాలామంది చూపిస్తారు. ఇందుకు ఒక సాయంత్రం పడుతుంది, ఖర్చు రెండు కాఫీలు.

కొలత కూడా టేపు పెట్టి చూడండి. పాత పత్రాల్లో అంకణాలు, గజాలు, అడుగులు కలగాపులగంగా ఉంటాయి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, ఇందులో తేడా లేదు. అంకణం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి బేరం చదరపు అడుగుల్లో, కొలిచిన తర్వాతే మాట్లాడుకోవడం మేలు.

ఇక అసలు చిక్కు, వారసులు. పాతిళ్ల గొడవలు కోర్టుకెక్కడానికి దీనికంటే పెద్ద కారణం కనిపించదు. ఒక ఉదాహరణ అనుకుందాం. ఇల్లు తాత కొన్నది. ఆయన వీలునామా రాయకుండా పోయారు. ఇద్దరు కొడుకులు నోటిమాటగా పంచుకున్నారు, పెద్దాయన వాటాకు ఈ ఇల్లు వచ్చింది. ముప్పై ఏళ్లుగా పన్ను ఆయన పేరు మీదే కడుతున్నారు. ఇప్పుడు అమ్ముతున్నదీ ఆయనే. అంతా సవ్యంగానే ఉన్నట్టుంది కదా? కానీ తాతకు ఇద్దరు కూతుళ్లు కూడా ఉన్నారు. తాత స్వార్జితం అయితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే, మన రాష్ట్రం 1985 సెప్టెంబర్ 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబర్ 9న కేంద్ర చట్టం దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన భాగపరిష్కారం గానీ కోర్టు డిక్రీ గానీ ఉంటే దాన్ని కదిలించరు. నోటిమాట పంపకానికి అంత బలం ఉండదు.

అంటే అత్తింట్లో ఉన్న ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ల సంతకాలు లేకుండా మీరు కొన్నది, చట్టం దృష్టిలో ఆ పెద్దాయన వాటా వరకే కావచ్చు. ‘మా అక్క ఏమీ అనదు సార్’ అనే మాటను నమ్మి లక్షలు పెట్టొద్దు. ఏమీ అననివారు వచ్చి సంతకం పెట్టడానికి అభ్యంతరం ఏముంటుంది? తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి, అందులో ఉన్న ప్రతి పేరునూ అమ్మకం పత్రంలో చేర్పించండి. వారిలో మైనర్ ఉంటే వకీలును సంప్రదించాకే ముందుకెళ్లండి. కోర్టు అనుమతి లేకుండా మైనర్ ఆస్తిని సంరక్షకులు అమ్మితే, మేజర్ అయ్యాక మూడేళ్లలోపు దాన్ని సవాలు చేయొచ్చు.

అప్పులు, దావాల్లో ఈసీకి ఎక్కనివీ ఉంటాయి. పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పును సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో కొద్ది రుసుముతో వెతకొచ్చు. కోర్టులో నడుస్తున్న దావాను ఈ-కోర్ట్స్‌లో అమ్మకందారు పేరుతో చూడొచ్చు. దావా నడుస్తుండగా కొంటే తీర్పుకు మీరూ కట్టుబడాలి. 22-ఏ నిషేధిత జాబితా మరచిపోవద్దు. గుడి, మసీదు మాన్యాల చుట్టుపక్కల ఇళ్లకు, ప్రభుత్వ పట్టా మీద కట్టిన ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. జీపీఏ మీద చేతులు మారుతూ వచ్చిన ఇళ్లూ ఉంటాయి. జీపీఏ అమ్మకం హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి మూల యజమాని నుంచి అమ్మకం పత్రం వచ్చిందో లేదో చూడాలి. పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ‘ఇవిగో కాగితాలు’ అంటే అవి హక్కు పత్రాలు కావు.

కాగితాలు సరిపోయాక ఇల్లు చూడండి. కొత్త రంగు వేసిన గోడ కంటే మిద్దె ఎక్కువ చెబుతుంది. సీమలో పాత మిద్దెలు దూలాలు, దంతెలు పరిచి, పైన బండలో కట్టెలో వేసి, చౌడుమట్టి కప్పినవి. ఎండకు ఇంతకంటే చల్లని ఇల్లు లేదు. కానీ మట్టిని ఏటా చూసుకోకపోతే ఉరుస్తుంది. ఉరవడం ఆపడానికి చాలామంది పైన సిమెంటు కాంక్రీటు పోస్తారు. దాంతో పాత దూలం మీద కొత్త బరువు పడుతుంది. దూలం గోడలోకి దిగే చోట తాళంచెవితో తట్టి చూడండి, బోలుగా మోగితే లోపల చెదలు ఉన్నట్టే అనుమానించాలి. గోడ అడుగున తెల్లగా ఉప్పు పట్టి సున్నం రాలుతుంటే చెమ్మ పైకి పాకుతోంది. 2021 నవంబర్ భారీ వర్షాల్లో అప్పటి మన జిల్లాలోని కదిరిలో భవనం కూలి, పిల్లలు సహా కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట వాన గురించి ఎవరూ ఆలోచించరు. పడినప్పుడు రెండు రోజుల్లో పడుతుంది. 2022 అక్టోబర్‌లో నడిమి వంక పొంగి నగరంలో కాలనీలు మునిగాయి. ఆ రోజు నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఎదురింటివారిని అడిగితే చేత్తో చూపిస్తారు.

మధ్య గోడ ఎవరిది? పత్రంలో ‘సొంత గోడ’, ‘ఉమ్మడి గోడ’ అని రాసి ఉంటుంది. ఉమ్మడి అయితే పక్కవారి దూలాలూ దాని మీదే ఉంటాయి. రేపు మీరు పడగొట్టి కట్టుకోవాలన్నా, వారు పడగొట్టుకున్నా, రెండో ఇల్లు ఆధారం కోల్పోతుంది. మీ మిద్దె నీళ్లు ఎటు పడుతున్నాయో కూడా చూడండి. పక్కవారి వాకిట్లో పడుతుంటే, ఆ హక్కు పత్రంలో ఉందా లేక ఇన్నాళ్ల సర్దుబాటేనా? ‘పాతది పడగొట్టి జీ ప్లస్ టూ వేసుకుంటా’ అనుకునేవారు ముందు కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో అడగాలి. వీధి అంచుదాకా ఉన్న పాత గోడ స్థానంలో కొత్త గోడ రాదు. ఖాళీ వదలాలి, రోడ్డు వెడల్పు ప్రణాళిక ఉంటే అందుకూ పోతుంది. రెండు సెంట్ల ఇంట్లో అది చిన్న నష్టం కాదు.

నీళ్లు సరేసరి. కుళాయి కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, నీళ్లు ఏ వేళకు వస్తాయి, సంపు ఎంత పెద్దది, బోరు ఉంటే ఎండాకాలంలో పోస్తోందా? ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి వెళ్లి చూడగలిగితే అమ్మకందారు మాట మీద ఆధారపడే పని ఉండదు.

డబ్బు లెక్క సూటిగా చూద్దాం. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, కలిపి 7.5 శాతం. మీ ధర, ప్రభుత్వ మార్కెట్ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 40 లక్షల ఇంటికి 3 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వదు, ఆ విలువలో సుంకాలు కలపరు. అంటే 32 లక్షల రుణం వచ్చినా 11 లక్షలు చేతిలో ఉండాలి, రిపేర్లు వేరే. మట్టి మిద్దెకు బ్యాంకు వాల్యుయర్ తక్కువ విలువ కట్టే అవకాశం కూడా ఉంది. ఆస్తి విలువ 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం టీడీఎస్ మీరే పట్టి కట్టాలి. అడ్వాన్స్‌గా 20 వేలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. చెక్కు అడగడానికి ఇది మంచి సాకు. రుణం అవసరం లేకపోయినా బ్యాంకుకు దరఖాస్తు చేయడంలో ఒక లాభం ఉంది. వారి వకీలు మీ పత్రాలు చదువుతారు. ఆయన అడిగిన కాగితం అమ్మకందారు ఇవ్వలేకపోతే ఎక్కడ ఆగాలో మీకు తెలిసిపోతుంది.

అడ్వాన్స్ అగ్రిమెంట్‌లో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: హక్కులో లోపం తేలితే అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అని. బాడుగకు ఉన్నవారు ఖాళీ చేసి తాళాలు ఇచ్చే తేదీ కూడా అందులోనే ఉండాలి. రిజిస్ట్రేషన్ రోజున ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లన్నీ చేతికి తీసుకుని, కార్పొరేషన్ పన్ను, నీటి పన్ను, ఏపీఎస్పీడీసీఎల్ బిల్లు బకాయిలు లేవన్న రసీదులు చూడండి. అమ్మకం తేదీ వరకు పడిన పన్నులు అమ్మకందారే కట్టాలి. కానీ కట్టకపోతే నోటీసు వచ్చేది ఇంటికే, ఆ ఇంట్లో అప్పటికి ఉండేది మీరు. ఆస్తి పన్ను, కుళాయి, కరెంటు సర్వీసు మూడింటికీ పేరు మార్పు జరిగిందో లేదో రికార్డులో చూసుకోండి. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే మొత్తం కడితే 5 శాతం రాయితీ వస్తుంది. ఆ రసీదు మీద ఎవరి పేరు ఉందో కూడా ఓసారి చదవండి.