ఈకలు ఊడిన పెట్టకు ఒక కార్తీకం

దీపావళి మర్నాడు పొద్దున్నే గంప ఎత్తి చూస్తే మా నల్లపెట్ట మెడ మీద ఒక్క ఈక లేదు. వీపు మీద కూడా అక్కడక్కడా ఎర్రటి చర్మం బయటపడింది. గంప కింద గుప్పెళ్ళ కొద్దీ ఈకలు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "తెగులమ్మా అది. మిగతావాటికి అంటకముందే ఇవాళే కోసెయ్యండి" అన్నారు. మా అత్తయ్యగారు బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "కార్తీకం వచ్చేసింది. నెల దాటేదాకా ఈ ఇంట్లో కోడి మీద కత్తి పడదు" అన్నారు.

అలా బతికింది మా నల్లపెట్ట. దాన్ని కాపాడింది నా తెలివి కాదు, పంచాంగం. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ పూట నేనూ మనసులో మసాలా నూరేసుకున్నాను.

అసలు నాకు అర్థం కానిది ఒకటుంది. అది నిజంగా తెగులే అయితే కోసుకుని తినమని ఎలా అంటాం? తినడానికి పనికొచ్చేంత ఆరోగ్యంగా ఉంటే తెగులని ఎలా అంటాం? ఈ రెండు మాటలూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వస్తాయి మనకి. కోడి అందం తగ్గింది, గుడ్డు ఆపింది, ఇంక దానితో పనేముంది అన్నదే లోపలి మాట. పైకి మాత్రం తెగులంటాం.

కోడి ఏడాదికోసారి ఈకలు మార్చుకుంటుంది. పగలు తగ్గుతూ వచ్చే ఈ రోజుల్లోనే, తల, మెడ దగ్గర మొదలై వీపుకీ తోకకీ వెళుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. ఈకలో 85 శాతం పైగా మాంసకృత్తులే. ఒళ్ళంతా కొత్త బట్ట నేసుకోవాలంటే గుడ్డుకి పెట్టే బలం అటు మళ్ళించక తప్పదు. అందుకే గుడ్లు ఆపుతుంది. సోమరితనం కాదది.

ఇంకో సంగతి వింటే మీరు నమ్మరు. అంతంత మాత్రంగా గుడ్లు పెట్టే పెట్ట ముందుగా మొదలుపెట్టి, కాస్త కాస్త రాలుస్తూ నెలల తరబడి సాగదీస్తుంది. బాగా పెట్టే పెట్ట చివరిదాకా పెట్టి పెట్టి, ఆలస్యంగా, ఒక్కసారిగా రాల్చి, తొందరగా ముగించేస్తుంది. అంటే చూడ్డానికి భయపెట్టేది చాలాసార్లు ఇంట్లోకెల్లా ఎక్కువ కష్టపడిన కోడే. మనం కత్తి పట్టుకునేది దాని మీదకే!

బాబు పుట్టిన మూడో నెలలో నాకూ దువ్వెన నిండా జుట్టొచ్చేది. "అయ్యో, ఎలా ఉండేదానివి, ఎలా అయిపోయావ్" అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఏం తింటున్నావని అడిగింది మా అమ్మొక్కతే. కోడినీ ఆ ప్రశ్నే అడగాలి. పొద్దస్తమానం నూకలే వేస్తే కొత్త ఈక ఎక్కణ్ణుంచి వస్తుంది? కాస్త వేరుశనగ చెక్క, రొయ్యపొట్టు, పెరట్లో పురుగూ పుట్రా దొరికేలా తిరగనివ్వడం, అంతే దానికి కావాల్సింది. ముల్లులా పొడుచుకొచ్చే కొత్త ఈకలో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. అందుకని పిల్లల్ని ఎత్తుకోనివ్వకండి.

ఈకలు ఊడిన ప్రతి కోడీ ఇదే అని నేననను. ఎక్కడ ఊడిందో చూడండి అంటున్నాను. పొదిగే పెట్టకి రొమ్ము మీద బోసిగా, ఎర్రగా ఉంటే ఆ వేడి నేరుగా గుడ్లకి తగలడానికే. వీపు మీదా తల వెనకా ఊడితే పుంజు కాళ్ళ పని. నాలుగు పెట్టలకి రెండు పుంజులుంటే ఏ వీపు మిగులుతుంది? తోక దగ్గర పొడిచి నెత్తురు వస్తుంటే చోటు చాలడం లేదు. నెత్తురు ఎర్రగా కనిపిస్తే మిగతావి ఇంకా పొడుస్తాయి కనుక ముందు దాన్ని వేరుచెయ్యండి. ఈకల మొదళ్ళలో తెల్లగా గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటే పేలు. ఎర్ర నల్లి పగలు కర్రల సందుల్లో దాక్కుని రాత్రి నెత్తురు తాగుతుంది, టార్చి వేసి రాత్రే చూడాలి.

పేలు కనబడగానే కిరోసిన్ పోసేవాళ్ళని, చీమల మందు చల్లేవాళ్ళని చూశాను. అసలే ఎర్రబడిన చర్మం మీద కిరోసిన్! రేపు ఆ గుడ్డే కదా పిల్లాడి కంచంలో పెడతాం! పశువుల డాక్టరు చెప్పిన మందు వాడండి, పేల గుడ్లు పొదిగే టైముకి చెప్పినట్టు మళ్ళీ వాడండి. గూట్లో గడ్డి తగలబెట్టి, సందుల్లో సున్నం కొట్టండి. పొడిమట్టి, బూడిద కలిపి ఓ మూల పోస్తే ఒళ్ళు అదే దులుపుకుంటుంది.

మేత మానేసి రెక్కలు వేలాడేసినా, ఆకుపచ్చగా రెట్ట వేసినా, మెడ మెలితిరిగినా, తురాయి మీద పొక్కులు కట్టినా అప్పుడు ఆలోచించకండి. ఆరోజే పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. కూరగిన్నెకి మాత్రం కాదు.

పోలి స్వర్గం దీపాలు వదిలి ఇంటికొచ్చేసరికి మా నల్లపెట్ట మెడంతా ముళ్ళు ముళ్ళుగా కొత్త ఈకలు. సంక్రాంతికి కూరవుతుందనుకున్నది కనుమ నాడు గుడ్డు పెట్టి ఇల్లెగిరిపోయేలా అరిచింది. పిన్నిగారు గోడ మీంచి, "కొత్త కోడిని కొన్నారా?" అనడిగారు.

"లేదు పిన్నిగారూ, పాతదే. దానికో నెల టైమిచ్చాం, అంతే" అన్నాను.

కార్తీకం ఏడాదికోసారే వస్తుంది. ఈకలు ఊడిన పెట్ట ఎప్పుడు కనిపించినా, దాని కోసం మీరో కార్తీకం పెట్టుకోండి.