బ్రెజీలియా నడిబొడ్డున ఒక బస్టాండు

జేమ్స్ హోల్‌స్టన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త బ్రెజీలియా నగరం మీద రాసిన ‘ది మోడర్నిస్ట్ సిటీ’ 1989లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణగా వెలువడింది. ముప్పై అయిదేళ్ళు దాటిన ఈ పుస్తకాన్ని ఇప్పుడు తెలుగువారు చదవడానికి వేరే కారణం వెతకనక్కరలేదు. కృష్ణ ఒడ్డున ఒక రాజధాని లేస్తోంది. పొలాల మీద గీసిన పటం నుంచి నగరాన్ని పుట్టించడం సాధ్యమేనా, పుట్టిస్తే అది ఎవరి నగరమవుతుంది అన్న ప్రశ్నలు ఇప్పుడు తెలుగు ప్రశ్నలు. వాటికి అరవై అయిదేళ్ళ అనుభవంతో జవాబు చెప్పగల నగరాలు ప్రపంచంలో బహు కొద్ది. వాటిలో బ్రెజీలియా ఒకటి.

కథ తెలిసినదే. తీరప్రాంతపు రియో నుంచి రాజధానిని దేశం నడిమధ్యనున్న పీఠభూమికి తరలిస్తానని అధ్యక్షుడు జూసెలీనో కుబిషెక్ మాట ఇచ్చాడు. 1957లో జరిగిన పోటీలో లూసియో కోస్తా ప్రణాళిక నెగ్గింది. ఆయన సమర్పించినది కొన్ని చేతిగీతలు, కొద్ది పుటల వివరణ. అందులో జనాభా అంచనాల పట్టికలు లేవు, ఆర్థిక లెక్కలు లేవు. భవనాలు ఆస్కార్ నీమేయర్‌వి. 1960 ఏప్రిల్ 21న రాజధాని ప్రారంభమైంది. రియో వదిలి రావడానికి ఇష్టపడని ఉద్యోగులకు రెట్టింపు జీతం ఆశ చూపించవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి వెలగపూడికి కదిలిన సచివాలయ ఉద్యోగులకు 2016లో వారానికి అయిదు రోజుల పని ప్రకటించిన సంగతి గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు.

హోల్‌స్టన్ వాదమంతా ఒక వైరుధ్యం చుట్టూ తిరుగుతుంది. మంత్రీ, బంట్రోతూ ఒకే వరస భవనాల్లో ఉండాలని, వర్గభేదం నగరరూపంలోనే కరిగిపోవాలని ప్రణాళికకర్తలు ఆశించారు. ఆ ఆశ నిజాయితీ లేనిదని ఆయన ఎక్కడా అనడు. కాని నగరాన్ని కట్టినవారికి నగరంలో చోటు ఉంచలేదు. ఈశాన్య బ్రెజిల్ నుంచీ, ఇతర ప్రాంతాల నుంచీ వేలాదిగా వచ్చిన కూలీలను ‘కాండాంగోలు’ అన్నారు. కట్టడం పూర్తికాగానే వాళ్ళు వెళ్ళిపోతారని లెక్క. వెళ్ళలేదు. రాజధాని ప్రారంభానికి రెండేళ్ళ ముందే, 1958లో, వాళ్ళ కోసం తగ్వాతింగా అనే ఉపనగరాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. అసలు ప్రణాళిక ప్రకారం ఉపనగరాలు మూలనగరం నిండిన తరువాత పుట్టవలసినవి. ఇక్కడ తల్లికన్న ముందే బిడ్డ పుట్టింది. 1971లో గుడిసెవాసులను పాతిక కిలోమీటర్ల అవతలికి తరలించి సేలాందియాను నెలకొల్పారు. ఆ పేరులోని మొదటి మూడక్షరాలు ‘ఆక్రమణల నిర్మూలన ఉద్యమం’ అనే ప్రభుత్వ కార్యక్రమపు పొడి అక్షరాలు. తనను వెళ్ళగొట్టిన కార్యక్రమం పేరునే ఊరిపేరుగా మోస్తున్న జనం అక్కడ లక్షల్లో ఉన్నారు. కోస్తా అయిదు లక్షలమందికి గీసిన మూలనగరంలో నేడు ఉన్నది అందులో సగం కూడా కాదు. దాని చుట్టూ ఉన్న సమాఖ్య మండలంలో 2022 జనగణన ప్రకారం 28 లక్షలమంది ఉన్నారు.

పుస్తకంలో అందరూ తలచుకునే అధ్యాయం వీధి గురించినది. బ్రెజీలియాలో నాలుగుదారుల కూడళ్ళు ఉండకూడదని కోస్తా సంకల్పం. రోడ్డు వాహనానిది, పచ్చిక మనిషిది. అంగళ్ళ వరసలను కూడా ముఖం నివాసాల తోటలవైపు, వీపు రోడ్డువైపు ఉండేట్టు గీశారు. దుకాణదారులు, కొనేవారు ఇద్దరూ దీన్ని పట్టించుకోలేదు. సరుకు దించుకోవడానికి ఉద్దేశించిన రోడ్డువైపునే గుమ్మాలు తెరిచి, బోర్డులు కట్టి, దాన్ని బజారుగా మార్చేశారు. ప్రణాళిక వీపు అనుకున్నది జనానికి ముఖమైంది. ఏ ఉద్యమమూ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా జరిగిన ఈ చిన్న తిరుగుబాటును హోల్‌స్టన్ ఎంతో ఓపికగా వర్ణించాడు. పుస్తకానికి ప్రాణం అక్కడుంది.

అయితే పుస్తకం ముగించేసరికి చాలామంది పాఠకుల మనసులో మిగిలేది ‘విఫలనగరం’ అన్న ఒకే మాట. అది తొందరపాటు తీర్పు. కోస్తా పటంలో ఒక గీత మాత్రం ఎవరి అంచనాకూ అందనంతగా ఫలించింది. రెండు ప్రధాన అక్షాలు, అంటే స్మారక భవనాల దారీ, నివాసాల దారీ, ఒకదాన్నొకటి కోసుకునే బిందువు దగ్గర ఏముండాలి? అధ్యక్షభవనమా, విజయస్తంభమా, ప్రధానాలయమా? అక్కడ కోస్తా బస్టాండు పెట్టాడు. పెట్టడమే కాదు, ఆ కట్టడానికి నమూనా కూడా నీమేయర్‌కు వదలకుండా తానే గీశాడు.

రొదొవియారియా అని పిలిచే ఆ బస్టాండు నిజానికి అంతస్తులుగా పేర్చిన ఒక వంతెన. అడుగున దూసుకుపోయే వాహనాలు, నడుమ బస్సులు, పైన విశాలమైన చప్టా. చప్టా మీద నిలబడితే ఒక పక్క మంత్రిత్వశాఖల వరసలూ, చివర పార్లమెంటు జంట గోపురాలూ కనిపిస్తాయి. రెండు వైపులా వినోదకేంద్రాలు. ఈ చోటును లండన్ పికడిలీ, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్, పారిస్ షాంజ్ ఎలిజే కలగలిసిన నాగరిక విహారస్థలంగా కోస్తా ఊహించాడు. పెద్దమనుషులు సాయంకాలం కాఫీలు తాగే చోటన్నమాట.

పెద్దమనుషులు రాలేదు. వాళ్ళకు కార్లున్నాయి. వచ్చినవాళ్ళు సేలాందియా, తగ్వాతింగాల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి మూలనగరంలో గదులూడ్చి, వంటలు చేసి, ఆస్పత్రి వార్డులు కడిగి, కావలికాసి, చీకటిపడ్డాక తిరిగివెళ్ళేవాళ్ళు. వాళ్ళతోపాటు వాళ్ళ బజారూ వచ్చింది. నూనెలో వేగిన పాస్తేలు, గ్లాసుడు చెరకురసం ఆ బస్టాండు ఫలహారంగా ఊరంతటికీ ప్రసిద్ధి. (చెరకురసపు మర లేని బస్టాండును తెలుగువాడు కూడా బస్టాండుగా ఒప్పుకోడు.) దక్షిణం వైపు వినోదకేంద్రంలో సినిమాహాళ్ళు, కార్మికసంఘాల కచేరీలు, ప్రార్థనామందిరాలు, పాటల రికార్డుల అంగళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చేరాయి. ఊరేగింపులు అక్కడే మొదలయ్యాయి. వీధి లేదన్న నగరానికి వీధి ఆ చప్టా మీద మొలిచింది.

1980ల నడుమ ఒక సాయంవేళ కోస్తా ఆ బస్టాండుకు వెళ్ళి చూశాడు. అప్పటికాయనకు ఎనభై ఏళ్ళు దాటాయి. తాను అనుకున్న సొగసైన విహారస్థలం అక్కడ లేదని, దాన్ని నగరం కట్టిన అసలు బ్రెజిల్ జనం స్వాధీనం చేసుకున్నారని, తప్పు తనదే, ఒప్పు వాళ్ళదేనని, నిజం తన కలకన్నా పెద్దదిగా ఉందని ఆయన అన్నమాటలు నమోదై ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు నగరశిల్పుల్లో తన గీత తన చేయి దాటిపోయినందుకు సంతోషించినవారు ఎందరున్నారో చెప్పడం కష్టం.

దీన్ని న్యాయం జరిగిన కథగా చదవకూడదు. బస్టాండులో దిగే హక్కు నగరంలో నివసించే హక్కు కాదు. రాత్రి బస్సులు వెళ్ళిపోతే నడిబొడ్డు పాడుబడుతుంది. 2001లో మొదలైన మెట్రో కూడా ఈ బస్టాండు దగ్గరి స్టేషను నుంచే సేలాందియా వైపు సాగింది. అది దూరాన్ని రద్దు చేయలేదు, కొంత ఓర్చుకోదగినదిగా మార్చింది. 1987లో యునెస్కో బ్రెజీలియాను ప్రపంచ వారసత్వ నగరంగా ప్రకటించాక మూలనగరంలో కొత్తగా పేదలకు ఇళ్ళు కట్టడం మరింత కఠినమైంది. అందానికి వేసిన కంచె అది. కాని అదే బస్టాండును కోస్తా ఏ పొలిమేరలోనో, ఏ వర్తుల రహదారి పక్కనో పడేసి ఉంటే? కట్టినవారి కంటికి పార్లమెంటు గోపురాలు కూడా ఆనేవి కావు. రాజధానికీ ప్రజలకూ మధ్య మిగిలిన ఆ ఒక్క ముడి కూడా ఉండేది కాదు.

అమరావతికి ఇది ఎందుకు పట్టాలి? 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగి, 2019 తర్వాత అయిదేళ్ళు ఆగి, 2024లో మళ్ళీ కదిలిన ఈ రాజధాని పటం 217 చదరపు కిలోమీటర్లది. రైతులు 33,000 ఎకరాలకు పైగా సమీకరణలో ఇచ్చారు. నవనగరాలన్నారు: పరిపాలనకొకటి, న్యాయానికొకటి, విద్యకొకటి, ఆరోగ్యానికొకటి, ఇలా. బ్రెజీలియాలో వీటినే సెక్టార్లన్నారు. అక్కడా బ్యాంకులకొక సెక్టారు, హోటళ్ళకొకటి, ఆస్పత్రులకొకటి ఉన్నాయి. పని పేరున నగరాన్ని ముక్కలు చేయడం పటంలో ఎంత శుభ్రంగా కనిపిస్తుందో నడిచేవాడికి అంత ప్రయాస.

ఆస్పత్రినే తీసుకోవచ్చు. జబ్బుమనిషి ఒంటరిగా రాడు. వెంట ఇద్దరు వస్తారు. పల్నాటి నుంచి మొదటి బస్సుకు బయలుదేరి, ఓపీ చీటీ తీసుకుని, పరీక్షల కాగితాల కోసం సాయంత్రం దాకా కూర్చుంటారు. వాళ్ళకు నాలుగడుగుల్లో టీకొట్టు కావాలి, ఇడ్లీ బండి కావాలి, మందులషాపు కావాలి, రాత్రి ఆగవలసివస్తే చవకలో ఒక గది కావాలి, చివరి బస్సు ఎన్నింటికో చెప్పే మనిషి కావాలి. గుంటూరులోనైనా, విశాఖలోనైనా పెద్దాస్పత్రి చుట్టూ ఇవన్నీ ఎవరూ గీయకుండానే పుట్టాయి. ఆరోగ్యనగరం అనే పేరుతో వెడల్పాటి రోడ్ల నడుమ పచ్చిక మధ్య గాజుభవనాలు లేస్తే వైద్యం ఎంత గొప్పదైనా రోగి వెంట వచ్చిన ముసలితల్లి మిట్టమధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటుందన్నది ఆ పటంలో కనబడదు.

రాజధాని గ్రామాల్లో భూమిలేని కూలీల సంగతి మరీ ముఖ్యం. భూమి ఇచ్చిన రైతుకు ప్లాటు వచ్చింది, ఏటా కౌలు సొమ్ము నిర్ణయమైంది. పొలం పోతే పనే పోయిన కూలి కుటుంబానికి దక్కినది నెలకు 2,500 రూపాయలతో మొదలైన పింఛను. మల్లెతోటల్లో, కూరగాయల మళ్ళలో ఏడాది పొడుగునా పని దొరికిన నేల అది. వాళ్ళూ, కట్టడం పనికి ఒడిశా నుంచీ బీహారు నుంచీ వస్తున్నవాళ్ళూ రేపటి కాండాంగోలు. పని పూర్తయ్యాక వెళ్ళిపోతారని ఇక్కడ కూడా ఎవరో లెక్క వేసుకునే ఉంటారు.

2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 2,245 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. కృష్ణ మీద మూడు కిలోమీటర్లకు పైబడిన వంతెన అందులో భాగం. అమరావతి స్టేషను ఎలా ఉండబోతోందన్న బొమ్మలు ఇక వరసగా వస్తాయి. ఆ బొమ్మల్లో గోపురం ఏ రీతిదో, స్తూపం ఛాయ ఎంత ఉందో చూసి మురిసిపోయేవారికి కొదవ ఉండదు. చూడవలసినది ఆర్టీసీ బస్టాండు ఆ స్టేషనుకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో, అక్కడి నుంచి సచివాలయానికీ హైకోర్టుకూ ఆస్పత్రికీ ఎండలో నడిచి వెళ్ళగలరో లేదో, చుట్టూ బండివాళ్ళకు చోటు ఉంచారో లేదో, కూలీల ఇళ్ళు బస్సు దూరంలో ఉన్నాయో నడక దూరంలో ఉన్నాయో. విజయవాడ నెహ్రూ బస్టాండులో అర్ధరాత్రి ఒంటిగంటకు దిగినవారెవరికైనా నగరం నాడి ఎక్కడ దొరుకుతుందో తెలుసు. ఆ జనాన్ని వెలుపలే ఆపి లోపల కట్టే కేంద్రం ప్రభుత్వ ప్రాంగణంగానే మిగిలిపోతుంది.

హోల్‌స్టన్ పుస్తకం సులభమైనది కాదు. మొదటి భాగంలో ఆధునిక వాస్తుసిద్ధాంతాల చర్చ ఓపికను పరీక్షిస్తుంది, పరిభాష బరువు. తీరిక తక్కువైనవారు వీధి మరణం గురించిన అధ్యాయమూ, ఉపనగరాల్లో కూలీలు ఇంటిస్థలాల కోసం సంఘాలు పెట్టుకుని పోరాడిన అధ్యాయమూ ముందుగా చదివి, తక్కినవి తరువాత చూడవచ్చు. పటాలను మాత్రం దాటవేయరాదు. మూలనగరం పక్షి ఆకారంలో నడుమ నిలిచి, ఉపనగరాలు ఎంత దూరాన విసిరేసినట్టుండేవో వాటిలో కనిపిస్తుంది.