ఊరు లేని నాణెం

పటాన్‌చెరులో ఒక పెద్ద కంపెనీలో పెద్ద కుర్చీలో కూర్చునే ఒకాయన పోయిన చలికాలం నన్ను ఇంటికి పిలిచి, తన ఆల్బం తెరిచి ముందు పెట్టాడు. అలెగ్జాండ్రియాలో అచ్చయిన బరువైన బిళ్లలు. అంతియోకు రాగి కాసులు. నేటి టర్కీలో ఏనాడో మట్టిపాలైన పట్నాలు తమ సంతల కోసం కొట్టుకున్న చిల్లర. ఒక పక్క రోమను చక్రవర్తి ముఖం, చుట్టూ గ్రీకు అక్షరాలు, రెండో పక్క ఆ ఊరి దేవతో గుడో. రోము ఏలుబడిలో వందల పట్నాలు ఇలా సొంత నాణేలు వేసుకున్నాయి. ఆల్బంలో ప్రతి నాణెం కిందా కొన్న ధర గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఏ మట్టిలో దొరికిందో మాత్రం ఒక్కదాని కిందా లేదు.

"మన కొండాపూర్ చూశారా సార్?" అని అడిగాను.

"హైటెక్ సిటీ పక్కదే కదండీ? మా అమ్మాయి ఫ్లాటు కొన్నది అక్కడే" అన్నాడు.

నేనడిగింది ఆ కొండాపూర్ కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్. ఆయన గేటు ముందు నుంచి బండి మీద గంట ప్రయాణం. అంతియోకు ఎక్కడుందో పటం మీద వేలు పెట్టి చూపించగల మనిషికి, తన జిల్లాలో రోమను బంగారు నాణెం దొరికిన దిబ్బ తెలియదు. దీన్ని అభిరుచి అంటారా? నేను అనను. దీన్ని దుకాణం అంటాను.

తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి. ఆ దిబ్బను ఊళ్లో కోటగడ్డ అంటారు. 1900లో హెన్రీ కజిన్స్ దాన్ని గుర్తించాడు. 1940ల మొదట్లో నిజాం సంస్థానపు పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తవ్వించాడు. శాతవాహనుల కాలపు పట్నం బయటపడింది. ఇళ్లు, పూసలు, కుండలు, మట్టి బొమ్మలు, సీసంతో, రాగితో, పోటిన్ అనే మిశ్రలోహంతో చేసిన దాదాపు 2,000 నాణేలు. ఇక్కడే టంకశాల ఉండేదని పండితులు భావించారు. వాటి మధ్య అగస్టస్ చక్రవర్తి బంగారు కాసు ఒకటి. దానికన్నా నన్ను ఎక్కువగా కదిలించేవి మట్టి బిళ్లలు. రోమను నాణేన్ని చూసి అచ్చుగుద్ది, మెడలో వేలాడేసుకునేలా చేసుకున్న మట్టి పతకాలు. బంగారం అందని మనిషి ఆ మోజును మట్టితో తీర్చుకున్నాడు. రెండు వేల ఏళ్ల కిందటి మెతుకుసీమ మనిషి మనసు ఆ మట్టిలో అచ్చుపడి ఉంది. అది ఏ వేలంపాటలో దొరుకుతుంది?

రోమను కాసులు మన నేలకు ఊరికే రాలేదు. మిరియాలకు, సన్నబట్టలకు, రత్నాలకు వచ్చాయి. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమను నాణేలు) లాగేసుకుంటోందని మొదటి శతాబ్దంలోనే రోమను రచయిత ప్లినీ గుండెలు బాదుకున్నాడు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒక్కచోటే 1,531 రోమను వెండి నాణేలు దొరికాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌ల పేరు మీదివి. మనం దీనారం అని పలికే మాట ఆ వెండి నాణెం పేరు నుంచి వచ్చిందే. అంటే రోము మన నోట్లో కూడా మిగిలింది. కొన్ని నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. ఆ గాటు ఎందుకు పెట్టారో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ వాదన తేలాలంటే ఒక్కటే దారి. ఏ గాటు ఏ ఊళ్లో, ఏ కుండలో, ఏ నాణేల పక్కన దొరికిందో తెలియాలి.

నా మాటంతా ఇదే. నాణెం సాక్షి. అది ఎక్కడ పడి ఉందన్నదే దాని వాంగ్మూలం. ఊరు చెరిపేస్తే సాక్షి నాలుక కోసినట్టే. నాలుక కోసిన సాక్షిని వెల్వెట్ డబ్బాలో పెట్టుకుని, నేను చరిత్రను కాపాడుతున్నానని ఊరేగేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

వాళ్ల వాదన నాకు తెలుసు. "నేను కొనకపోతే కంసాలి కరిగించేవాడు." అబద్ధం! నువ్వు కొంటావని తెలిసే రాత్రిపూట గడ్డపార దిగుతోంది. సిరియాలో యుద్ధం మొదలయ్యాక అపామియా అనే పురాతన పట్నం గోతులమయమైపోయింది. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఆ నేల మశూచి ముఖంలా కనిపించింది. ఆ గోతులు తవ్వినవాడి చేతికి కూలి దక్కింది. ఊరు పేరు రాయని నాణెం కొన్న ప్రతివాడూ ఆ కూలిలో వాటా ఇచ్చినట్టే. అక్కడ అపామియా, ఇక్కడ గుప్తనిధుల కోసం తవ్వేసిన మన గుడి గద్దెలు. పార ఒకటే. పార వెనక జేబు కూడా ఒకటే.

రెండో వాదన: "చట్టం మనిషిని భయపెడుతుంది, అందుకే ఎవరూ చెప్పరు." చట్టం చదివావా? 1878 నాటి నిధుల చట్టం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాసివ్వమంటుంది. ఏం రాయాలి? ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది. తెల్లదొర చట్టం అడిగిన ఆ 'ఎక్కడ' అన్న ప్రశ్న, మన చదువుకున్న దొరలు డబ్బిచ్చి కొనేటప్పుడు అడగడం లేదు! దాచిపెడితే ఏడాది దాకా జైలు. నిజమే. కానీ ప్రభుత్వం ఆ నిధిని తన కోసం తీసుకుంటే, అందులోని లోహం విలువ కట్టి దాని మీద ఐదో వంతు కలిపి చెల్లించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఈ మాట రైతుకు ఎవరు చెప్పారు? నాగలికి బిళ్ల తగిలితే అతనికి ముందు ఠాణా గుర్తొస్తుంది, తర్వాత కంసాలి గుర్తొస్తాడు. కలెక్టరాఫీసు గుర్తురాదు. ఆ భయం రైతు తప్పు కాదు. నూట నలభై ఏళ్లు దాటినా ఆ ఒక్క వాక్యాన్ని పంచాయతీ గోడ మీద రాయించలేని సర్కారు తప్పు.

సర్కారును వదిలిపెడతానని అనుకోకండి. 1965లో పరమేశ్వరీలాల్ గుప్త ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమను నాణేలను లెక్కకట్టి పుస్తకం చేశాడు. అప్పుడు చేతికింద కంప్యూటర్ లేదు, ఫోనులో కెమెరా లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ప్రతి నాణెం బొమ్మ, బరువు, దొరికిన ఊరు జనం ముందు పెట్టండి. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తే అది కాపాడటం కాదు, రెండోసారి పాతిపెట్టడం.

దారి లేదని మాత్రం అనకండి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ గోదావరి ఒడ్డు కోటిలింగాల మట్టిలో నాణేలు ఏరాడు. ఆయనా సేకర్తే. కానీ ఏ ఊరి మట్టో దాచలేదు, పండితుల ముందు పెట్టాడు. వాటి మీది రాతను శాసన పండితుడు పరబ్రహ్మశాస్త్రి చదివాడు. శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుడి పేరు నాణెం మీద వెలుగు చూసింది. తెలంగాణ చరిత్ర మొదటి పేజీ మారిపోయింది. ఒక సేకర్త ఊరు పేరు చెప్పినందుకు ఒక జాతికి తన మొదలు తెలిసింది. సేకరణకు నేను శత్రువును కాను. మూగ సేకరణకు శత్రువును.

సైటు నడిపే అన్నా, ఇప్పుడు నీతోనే మాట్లాడుతున్నాను. ఈ పటాన్‌చెరు బెల్టులో రోజూ జేసీబీలు నేల చీలుస్తున్నాయి. మొరం టిప్పర్లు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. లేఅవుట్ల కోసం గుట్టలు చదునవుతున్నాయి. నక్కవాగును రసాయనాలకు అప్పజెప్పి చూస్తూ కూర్చున్న మనం, పాదాల కింద ఉన్న పట్నాలను టిప్పరుకు అప్పజెప్పడానికి వెనకాడతామా? నీ సైటులో కుండపెంకులు లేచాయి. చూశావు. పని ఆగిపోతుందని నోరు మూసుకున్నావు. కాదని ప్రమాణం చేసి చెప్పగలవా?

చెప్పలేకపోతే ఇకనైనా ఇది చెయ్. బిళ్ల దొరికితే చింతపండు పెట్టి తోమకు, దాని ఒంటి మీది పాచి కూడా సాక్ష్యమే. దొరికిన చోట ఫోటో తియ్. సర్వే నంబరు, లోతు, తేదీ రాయి. పక్కన ఉన్న పెంకును పారెయ్యకు. ఆ కాగితం కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు అడుగు. ఇవ్వకపోతే మళ్లీ అడుగు.

ఆల్బం పెద్దమనిషీ, నీకూ ఒక పని. ఈ ఆదివారం కొండాపూర్ మ్యూజియానికి వెళ్లు. అక్కడి పేద సీసపు బిళ్ల ముందు నిలబడు. దానికి మెరుపు లేదు, మార్కెట్లో నువ్వు మెచ్చే ధర రాదు. కానీ అది ఏ ఊరిదో ఊళ్లోని పిల్లవాడు కూడా చెబుతాడు. ఇంటికొచ్చి ఆల్బం తెరువు. ప్రతి నాణెం కింద ధర కొట్టేసి, ఊరు పేరు రాయి.

రాయలేని చోట ఖాళీ వదిలెయ్. ఎన్ని ఖాళీలు మిగిలాయో లెక్కపెట్టు. నువ్వు కాపాడానంటున్న చరిత్రలో నీ చేతుల మీదుగా చచ్చింది అంత.