తేలిక దారి మీద చులకన ఎందుకు?

సైకిలు తొక్కేవారిలో ఒక కులీన వర్గం ఉంది. కనుమలెక్కినవాడే సైకిలిస్టనీ, లారీల సందున దూరి బయటపడినవాడే శూరుడనీ వారి మతం. "పిల్లాపాపలతో పోదగిన తేలిక దారి" అన్న మాట వినగానే పెదవి విరుస్తారు. ఈ పెద్దమనుషులతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. అది ఇవాళ ఇక్కడ తేల్చుకుంటాను.

ఇంగ్లండులోని కెంట్ జిల్లాలో కాంటర్బరీ నగరం నుంచి విట్‌స్టబుల్ సముద్రతీరానికి ఒక సైకిలు బాట ఉంది. ఏడున్నర మైళ్లు, అంటే సుమారు 12 కిలోమీటర్లు. పేరు క్రాబ్ అండ్ వింకిల్ వే; మన భాషలో పీతా-నత్తల దారి అనుకోవచ్చు. 1830 మే 3న ఈ రెండూళ్ల మధ్య మొదలైన రైలుకు జనం పెట్టిన ముద్దుపేరది. ప్రయాణికుల బళ్లు 1931 నాటికి, సరుకు బళ్లు 1952లో ఆగిపోయాయి. 1999లో ఆ జాడ వెంటే, కొంత పక్కకు జరిగి, సైకిలు బాట వచ్చింది.

తేలికను వాలుతో కొలిచేవారు ఈ బాటను ఒక్కసారి చూడాలి. కాంటర్బరీ దాటీ దాటకముందే ఎత్తు మొదలవుతుంది. రైలు కట్టినవారు ఆ కొండ కింద 828 గజాల సొరంగం తొలిచారు. అయినా వాలు తగ్గలేదు. ఒకచోట పాతిన ఆవిరి యంత్రాలు మోకులతో బళ్లను పైకి లాగేవి. ఇన్విక్టా అనే ఇంజను సత్తా విట్‌స్టబుల్ వైపు చివరి భాగానికే సరిపోయింది. (పాపం, ఆ రోజుల్లోనూ ఆర్భాటం ఇంజనుది, చాకిరీ మోకుది!) సొరంగం 1974లో కొంత కూలింది. అందువల్ల సైకిలువాడు నేటికీ కొండ మీదుగా, విశ్వవిద్యాలయం పక్కగా పోవలసిందే.

మరి దీన్ని తేలిక దారి అని ఎందుకంటున్నాను? ఆరేళ్ల పిల్ల ఆ ఎత్తు దగ్గర సైకిలు దిగి నడిపించుకుపోతుంది. నేనూ దిగాను. వెనక హారను మోగలేదు, ఎవరూ కసురుకోలేదు. పైకి చేరాక బ్లీన్ గ్రామపు పాత చర్చి, ఆపైన అడవి. అడవిలో ఒక చెరువు. ఒకప్పుడు మోకులాగే యంత్రానికి నీరిచ్చిన ఆ చెరువు గట్టున ఇప్పుడు పిల్లలు రొట్టెలు తింటున్నారు. మొదట్లో ఊరి వీధులు, మధ్యలో ఒకటి రెండు రోడ్లు తగులుతాయి. తక్కిన దారిలో మోటారు బళ్లు దాదాపు లేవు. పిల్ల వంకర టింకరగా తొక్కినా ప్రాణానికి ముప్పులేని దారినే నేను తేలిక దారి అంటాను. కొండ ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

"అది చలిదేశం, మనకు చెల్లదు" అనేవారికి కూడా నా దగ్గర జవాబుంది. మన ఎండలో సైకిలు తొక్కుతున్నది ఎవరు? పాలవాళ్లు, కూలీలు, బడిపిల్లలు. బడికొస్తా పథకం కింద ఆంధ్ర ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది. సైకిలిచ్చిన చేయి దారి ఇవ్వలేదు. నీడ కావాలా? హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో 23 కిలోమీటర్ల బాట తెరిచి, దానిమీద సౌరఫలకాల కప్పు వేశారు. నీడ బ్రహ్మాండం! కానీ ఊరి నడిమి పిల్ల అక్కడికి చేరాలంటే సైకిలును కారుకెక్కించాలి.

ఇక బందరు సంగతి. మచిలీపట్నం నుంచి మంగినపూడి బీచికి 11 కిలోమీటర్లు. దాదాపు కాంటర్బరీ వారి దూరమే. కొండలేదు, సొరంగం తొలిచే పనిలేదు. కృష్ణమ్మ వండలి పరిచి చేసిన చదును నేల. అక్కడ సైకిలుకు ప్రత్యేకించి బాట వేయమంటే మనవాళ్లు నవ్వుతారు. 2023లో మంగినపూడి దగ్గర కొత్త రేవు పనులు మొదలయ్యాయి. రేవు తెరిస్తే లారీలు వస్తాయి. లారీలు వచ్చాక రోడ్డు వెడల్పు చేస్తారు, చెట్లు కొడతారు, అప్పుడెవరైనా సైకిలు మాటెత్తితే "స్థలమేదీ?" అంటారు.

కనుక అడగవలసింది ఇప్పుడే. రోడ్డుకు ఒక పక్కన ఏడడుగుల బాట, దానికీ లారీలకూ నడుమ ఒక వరుస చెట్లు, దారి మధ్యలో తాగునీటి కుండలున్న చలివేంద్రం ఒకటి. బందరు మిత్రులెవరైనా అర్జీ రాసేటట్లయితే, నా సంతకం మొదట పెట్టుకోండి.